వ్యాయామం వేరు, ఉభాలు వేరు: గర్భిణుల శ్రమపై నూరేళ్ల వాదన

"వట్టి మనిషివి కాదమ్మా, మెట్లు ఎక్కకు" అంటూ విజయనగరం పట్టణంలో అత్తగారు కోడలిని మంచం దిగనివ్వదు. అదే శ్రావణంలో, వంశధార కాలువ కింది మడిలో ఆరో నెల గర్భిణి ఉభాలకు, అంటే వరినాట్లకు, దిగితే "పనిచేసే ఒళ్లయితే కాన్పు సులువు" అని గట్టు మీది పెద్దలు ధైర్యం చెబుతారు. కదలిక అవసరమైన మనిషికి మంచం, విశ్రాంతి కావలసిన మనిషికి మడి. ఈ రెండు సలహాల వెనుకా వైద్య చరిత్ర ఉంది. చిక్కల్లా అవి చేరవలసిన ఇంటికి చేరకపోవడమే.

విశ్రాంతి వాదం కూలి స్త్రీలను చూసి పుట్టింది. పారిస్ ప్రసూతి వైద్యుడు అడాల్ఫ్ పినార్ 1895లో పసికందుల తూకాలు ముందు పెట్టి మాట్లాడాడు. నొప్పులు వచ్చేదాకా పనిచేసిన తల్లుల బిడ్డల కంటే, ముందుగా ఆశ్రయ గృహంలో చేరి విశ్రాంతి తీసుకున్న తల్లుల బిడ్డలు బరువుగా పుట్టారని చూపాడు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో చేసిన ప్రసూతి ఒప్పందం కాన్పుకు ముందు ఆరు వారాలు, తర్వాత ఆరు వారాలు సెలవును హక్కుగా గుర్తించింది.

కదలిక వాదం పుట్టింది ఇంకో వర్గాన్ని చూసి. కశ్మీరులో పనిచేసిన బ్రిటిష్ వైద్యురాలు కాథలీన్ వాన్, పడవల మీద బతికే శ్రామిక స్త్రీలు తేలిగ్గా ప్రసవిస్తుంటే, పరదా చాటున ఉండే సంపన్న స్త్రీలకు కాన్పు ప్రాణగండం కావడం గమనించింది. ఎండ తగలక ఎముకలు మెత్తబడి, కటి ఎముక వంకరపోవడమే కారణమని 1928లో రాసింది. ఆసుపత్రికి ఘోషా (పరదా) పేరు పెట్టుకున్న విజయనగరం వాళ్లకు ఆ పరదా ఎలాంటిదో విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత కూడా వైద్యులు చాలాకాలం జంకుతూనే ఉన్నారు. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 1985లో గర్భిణి గుండె నిమిషానికి 140 సార్లకు మించి కొట్టుకోకూడదని, గట్టి వ్యాయామం 15 నిమిషాలు దాటకూడదని గీత గీసింది. ఆ గీతకు ఆధారం పరిశోధన కంటే జాగ్రత్తే. గర్భంతోనూ పరుగు మానని స్త్రీలను జేమ్స్ క్లాప్ అనే వైద్యుడు ఏళ్ల తరబడి పరిశీలించాడు. వాళ్ల బిడ్డల ఒంట్లో కొవ్వు కొంత తక్కువే తప్ప ఆరోగ్యానికి లోటు కనిపించలేదు. 1994లో గుండె వేగం పరిమితిని ఎత్తేశారు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇబ్బందులేమీ లేని గర్భిణులు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని చెప్పింది.

దీనివల్ల బిడ్డకు ఒరిగేది ముఖ్యంగా తల్లి రక్తంలోని చక్కెర దారిలోనే. తల్లికి గర్భకాలపు మధుమేహం వస్తే బిడ్డ లోపల అతిగా పెరగవచ్చు, పుట్టగానే ఆ పసికందు రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు. రోజూ నడిచే తల్లికి ఈ ముప్పు తగ్గుతుంది. నెలలు నిండకుండా కాన్పు అవుతుందన్న పాత భయం, ఆరోగ్యంగా ఉన్న తల్లుల విషయంలో నిలబడలేదు. రక్తస్రావం, మాయ కిందికి ఉండటం, బీపీ పెరగడం వంటివి ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లు డాక్టరు చెప్పినట్టే నడుచుకోవాలి.

ఇదంతా చదివి "మరి మా ఊళ్లో ఆడవాళ్లంతా రోజూ వ్యాయామం చేస్తున్నట్టేగా" అనేవాళ్లున్నారు. ఒక్కసారి ఉభాల మడిలోకి చూడాలి. పిక్కల దాకా బురద, ఎడమచేతిలో నారు కట్ట, నడుము రెండుగా మడిచి వెనక్కి వెనక్కి అడుగులు, ఆగితే వరస తప్పుతుంది. దాహమైతే గట్టెక్కాలి, మూత్రానికి చాటు లేదు. ఆగాలన్నప్పుడు ఆగగలిగేదే వ్యాయామం, ఇక్కడ ఆ వీలే లేదు. పైగా రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులే. పుణె సమీపంలోని ఆరు గ్రామాల్లో జరిగిన అధ్యయనం 2003లో ఇదే తేల్చింది: పొలం పని, నీళ్లు మోయడం, బట్టలు ఉతకడం ఎక్కువైన తల్లుల బిడ్డలు చిన్నగా, తక్కువ బరువుతో పుట్టారు. ఇథియోపియాలో తిండి చాలక బండచాకిరీ చేసిన తల్లుల మీద 1980లో వచ్చిన పరిశోధనదీ ఇదే మాట. పుట్టిన బిడ్డ 2.5 కిలోలకు తగ్గితే ఒంటి వేడి నిలవదు, పాలు పీల్చే బలం చాలదు, జబ్బులు త్వరగా పట్టుకుంటాయి.

ఇక శృంగవరపుకోట కొండల మీది గ్రామాల గర్భిణులకు పరీక్షకు దిగి రావడమే పెద్ద శ్రమ. నొప్పులు మొదలయ్యాక డోలీ తప్ప వేరే దారిలేని ఊళ్లు ఆ వైపున్నాయి. వాళ్లకు నడక మంచిదని చెప్పడానికి నోరు రాదు.

చట్టం ఈ తేడాను 1961లోనే గుర్తించింది. గర్భిణి కోరితే, నెలలు నిండే దశలో కష్టమైన పని, గంటలకొద్దీ నిలబడే పని చెప్పకూడదని ప్రసూతి ప్రయోజన చట్టంలో రాశారు. 2025 నవంబరులో దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ ఆ మాట ఉంది. అయితే దాని పరిధి ఫ్యాక్టరీలు, గనులు, తోటలు, పది మంది లేదా అంతకు మించి పనిచేసే దుకాణాల వరకే. మడిలో దిగే కూలీకి 2017 నుంచి ఉన్నది ప్రధానమంత్రి మాతృ వందన యోజన. పోయిన కూలికి బదులుగా, విశ్రాంతి దొరకాలన్న ఉద్దేశంతో తొలి కాన్పుకు 5,000 రూపాయలు ఇస్తారు, అదీ విడతలుగా. నెలల తరబడి పని మానితే పోయే కూలికి ఆ డబ్బు ఏ మూలకూ రాదు, అందుకే ఏడో నెలలోనూ ఆమె నారు కట్ట దించదు.