ఎలుక ఆటిల్లు: తిరుపతి ఎండకూ వానకూ పనికొచ్చే అపోహలు - వాస్తవాలు

కాణిపాకం వినాయకుడు వెలసిన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో కూడా ఎలుకను పెంచుకుంటామంటే ఇంట్లో పెద్దవాళ్ళు ముఖం చిట్లిస్తారు. ఆ గొడవ ఎలాగో తేల్చుకుని ఎలుకల జత తెచ్చుకున్నవాళ్ళ కోసం ఇది. ఇంట్లోనే ఆటిల్లు కట్టాలనుకునేవాళ్ళు సాధారణంగా వీడియోలు చూసి మొదలుపెడతారు. అవి చాలావరకు చలిదేశాల వీడియోలు. వాటిలోని సామాను, పద్ధతులు మే నెల తిరుపతిలోనూ నవంబరు వానల్లోనూ దెబ్బతింటాయి. మనకు ముద్దొచ్చే ఇల్లు వేరు, ఎలుక ఊపిరితిత్తులకూ పాదాలకూ పళ్ళకూ సరిపడే ఇల్లు వేరు. కింది అపోహలన్నీ ఈ తేడా పట్టించుకోకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: ఫ్యాన్ కింద పెడితే ఎండాకాలం గడిచిపోతుంది.

వాస్తవం: ఫ్యాన్ గాలి మన చెమటను ఆరబెట్టి మనల్ని చల్లబరుస్తుంది. ఎలుకకు పాదాల అడుగున తప్ప ఎక్కడా చెమట పట్టదు. ఒంట్లో వేడిని అది ప్రధానంగా తోకలోంచి వదులుతుంది. వేడెక్కినప్పుడు తోకలోని రక్తనాళాలు వెడల్పవుతాయి, రక్తంలోని వేడి గాలిలో కలిసిపోతుంది. గాలి ఒంటికన్నా చల్లగా ఉన్నంతవరకే ఈ ఏర్పాటు పనిచేస్తుంది. ఎలుక ఒంటి వేడి 38 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. బయట 40 దాటి, మేడ మీద గది కూడా ఆ వేడికి దగ్గరైతే తోక వల్ల లాభం లేదు. అప్పుడు అది ఉమ్మితో ఒళ్ళు తడుపుకుంటుంది, ఒంట్లో నీళ్ళు తగ్గిపోతాయి. ఎలుకకు హాయి 20 నుంచి 26 డిగ్రీల మధ్య. 30 దాటితే ఇబ్బంది మొదలైనట్టే.

అందుకే ఇక్కడి ఆటిల్లులో మొదటి గది అట్టతో కాదు, మట్టితో ఉండాలి. రంగు, మెరుపు పూత లేని మట్టికుండ తీసుకోండి. మూతి 9-10 సెం.మీ. ఉండాలి, లోపల రెండు ఎలుకలు పడుకునే జాగా ఉండాలి. పలమనేరు వైపు కుమ్మరి పని బాగా తెలిసిన చేతులున్నాయి. చెప్పి చేయించుకుంటే పచ్చిమట్టి మీదే పక్కన రెండో కంత కోసిస్తారు. కాల్చిన కుండకు ఇంట్లో డ్రిల్లు పెడితే సగం సార్లు పగులుతుంది, పగలకపోయినా అంచు కత్తిలా మిగులుతుంది. వాడేముందు కుండను గంటసేపు నీళ్ళలో నానబెట్టి, తడి ఇసుక పోసిన పళ్ళెంలో దించండి. ఇసుక పైకి కనిపిస్తే ఎలుక తవ్వేస్తుంది, చుట్టూ నాపరాయి ముక్కలు పేర్చండి. ఏప్రిల్, మే నెలల పొడిగాలికి కుండ గోడలోంచి నీరు ఆవిరవుతూ లోపల చల్లగా ఉంటుంది. ఇదే ఏర్పాటు ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, పనికిరాదు. గాలిలో తేమ ఉంటే నీరు ఆవిరవదు, కుండ లోపల చెమ్మ, బూజు మిగులుతాయి. అప్పుడు పొడి కుండే వాడండి.

కుండ పక్కనే ఒక నున్నటి గ్రానైట్ ముక్క వేయండి. కుప్పం గ్రీన్ అనే గ్రానైట్ రకం పుట్టిన ఉమ్మడి జిల్లాలో కొట్లలో తునకలకు కొదవలేదు. ఒక్కో వైపు 30 సెం.మీ. ఉన్న చదరపు ముక్క చాలు. అంచులు రుద్దించి తెచ్చుకోండి. మిట్టమధ్యాహ్నం ఎలుకలు దాని మీద బోర్లా పడుకుంటాయి. అర లీటరు నీళ్ళ సీసాను గడ్డకట్టించి, గుడ్డ చుట్టి ఆనించినా మంచిదే. వాటికి దూరంగా వెళ్ళే దారి మాత్రం ఉంచాలి, చలేస్తే పక్కకు తప్పుకోవాలి కదా.

ఎలుక చదునుగా పరచుకుపోయి, నోటి చుట్టూ తడిగా, ఎగశ్వాస తీస్తుంటే అది వడదెబ్బ. తోకనూ పాదాలనూ మామూలు చల్లటి నీళ్ళతో తడిపి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఐసు నీళ్ళు వద్దు. తోకలో రక్తనాళాలు ముడుచుకుపోయి వేడి లోపలే ఉండిపోతుంది.

అపోహ: ఎలుక అన్నీ కొరికేస్తుంది, కాబట్టి నేలతో సహా ఇనుపజాలీతో కట్టాలి.

వాస్తవం: కొరకడం నిజమే. ముందుపళ్ళు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, ఏడాదికి 10 సెం.మీ. పైనే. కానీ పళ్ళు ఆనించడానికి అంచు దొరకాలి. చదునైన గోడ మధ్యలో ఎలుక మొదలుపెట్టలేదు. ఎప్పుడూ మూల, కంత అంచు, రెండు అట్టలు కలిసేచోటే మొదలుపెడుతుంది. కాబట్టి అంచు దాచడమే అసలు పనితనం. జాలీ నేల వేస్తే వచ్చే నష్టం ఇంకా పెద్దది. సన్నటి తీగ మీద రోజూ నడిస్తే అరికాళ్ళు ఒరుసుకుపోయి, పుండ్లు పడి వాస్తాయి. ఆ పుండ్లు మానడానికి నెలలు పడుతుంది. పక్కగోడలకు జాలీ సరే. పెద్ద ఎలుకలకైనా సందు 12 మి.మీ. మించకూడదు. పిల్లలైతే అంతకన్నా చిన్నది, తల పట్టిందంటే ఒళ్ళంతా దూరినట్టే.

మన దగ్గర చౌకలో దొరికే మంచి అస్థిపంజరం టమాటా క్రేటు. మదనపల్లె మార్కెట్‌కు కాయ మోసే ప్లాస్టిక్ క్రేట్లు సుమారు 54×36×29 సెం.మీ. ఉంటాయి. పాతది తీసుకుంటే పురుగుమందు అంటి ఉండవచ్చు. సబ్బునీళ్ళలో రెండుసార్లు కడిగి ఎండలో ఆరబెట్టండి. దాన్ని పక్కకు పడుకోబెడితే నోరు ముందుకొస్తుంది. అప్పుడు వెడల్పు 54, ఎత్తు 36, లోతు 29. మధ్యలో, 18 సెం.మీ. ఎత్తున ఒక అంతస్తు. 5 ప్లై అట్టను రెండు పొరలుగా తెల్ల జిగురుతో అతికించి, క్రేటు కంతల్లోంచి కేబుల్ టైలతో ఆరుచోట్ల కట్టండి. టై కొసలను మొదలంటా కత్తిరించాలి, పొడుగ్గా వదిలితే కంటికి గుచ్చుకుంటాయి.

ఆ అంతస్తు ఒక మూల 9×13 సెం.మీ. కంత కోసి కింది నుంచి 30 సెం.మీ. పొడవు, 9 సెం.మీ. వెడల్పు ర్యాంపు పెట్టండి. అంతకన్నా పొట్టిదైతే వాలు నిటారైపోతుంది, దిగేటప్పుడు జారుతాయి. ర్యాంపు మీద ప్రతి 3 సెం.మీ.లకూ అట్టపట్టీ అడ్డంగా అతికించాలి. చాలామంది 13కు బదులు 9 కోస్తారు. అప్పుడు పైకొచ్చే ఎలుక నడుము అంతస్తు అంచుకు రాసుకుంటుంది, వారంలో ఆ అంచు మాయం.

ముందుగోడ అట్టకు నాలుగువైపులా 3 సెం.మీ. ఎక్కువ ఉంచి లోపలికి మడవండి. మడతగీతను బ్లేడుతో గీయకండి, అట్ట పైపొర తెగి మడత ఊడుతుంది. సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా గీస్తే చాలు. వాకిళ్ళు 8 సెం.మీ. వ్యాసం, బలిసిన మగ ఎలుకలకు 9. స్టీలు గ్లాసు మూతి పెట్టి గీసుకుంటే దాదాపు సరిపోతుంది. గుండ్రంగా కోసేయకుండా, మధ్యలోంచి గీత దాకా ఎనిమిది చీలికలు చేసి ఆ రెక్కలను లోపలికి మడిచి అతికించండి. అంచు మందంగా, గుండ్రంగా తయారవుతుంది, పంటికి పట్టు దొరకదు. మామూలు కంతకన్నా చాలా రోజులు నిలుస్తుంది.

అపోహ: ఒకే వాకిలి ఉంటే భద్రం.

వాస్తవం: ప్రతి గదికీ రెండు దారులు తప్పనిసరి. జతలో ఒకటి ఎప్పుడూ పెత్తనం చేస్తుంది. ఒకే వాకిలిలో అది అడ్డంగా కూర్చుంటే లోపలిది ఇరుక్కుపోతుంది. చాలా కొట్లాటలు అక్కడే మొదలవుతాయి. అన్నట్టు, ఆటిల్లు ఎంత గొప్పగా కట్టినా తోటి ఎలుకకు బదులు కాదు. రెండు ఆడవి లేదా రెండు మగవి ఉంచండి. ఆడామగా కలిపితే మూడు వారాల్లో పిల్లలు.

అపోహ: మైదా జిగురు సహజమైనది, అదే మంచిది.

వాస్తవం: సహజమే, అందుకే తినేస్తాయి. మైదా రాసినచోట అట్టతో సహా నమిలి మింగుతాయి, చీమలు బారులు కడతాయి, వానల్లో బూజు పడుతుంది. ఫెవికాల్ లాంటి నీటి ఆధారిత తెల్ల జిగురును పల్చగా రాసి ఒక రోజు, వానాకాలమైతే రెండు రోజులు ఆరబెట్టండి. సెలో టేపు, స్టేప్లర్ పిన్నులు, గ్లూ గన్ ముద్దలు, ఎంసీల్ ఏవీ వద్దు. ఎలుకకు వాంతి చేసుకునే శక్తి లేదు, మింగింది మింగినట్టే. మామిడికాయల అట్టపెట్టెలు ఊరికే దొరుకుతాయి కానీ వాటి నిండా రాగిరంగు పిన్నులు, కాయ రసం, మందుల వాసన. అవి పక్కన పెట్టేయండి.

అపోహ: ఊక, రంపపు పొట్టు, వేరుశనగ తొక్కలు మన ఊళ్ళో ఊరికే దొరుకుతుంటే వేరే పరుపెందుకు?

వాస్తవం: ఎలుకల ప్రాణం ఎక్కువగా తీసేది ఊపిరితిత్తుల జబ్బు. మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి పెంపుడు ఎలుకల్లో చాలావాటిలో ఉంటుంది. దుమ్ము, ఉచ్చ నుంచి వచ్చే అమ్మోనియా ఘాటు దాన్ని రెచ్చగొడతాయి. వరి ఊక గరుకు, దుమ్ము. రంపపు పొట్టులో ఏ చెక్క కలిసిందో, ఏ పాలిష్ కలిసిందో మిల్లువాడికే తెలియదు. వేరుశనగ తొక్కకు కంటికి కనపడని బూజు పట్టి ఉండవచ్చు, దాని విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. చింపిన కాగితం, టిష్యూ, పోగులూడని మెత్తటి ఫ్లీస్ దుప్పటి ముక్కలు చాలు. దూది, నూలు పోగులు, గోనె, విడి కొబ్బరిపీచు వద్దు. పోగు కాలివేలికి చుట్టుకుంటే రాత్రికి రాత్రి వేలు నల్లబడుతుంది. ఎలుక కళ్ళ దగ్గర, ముక్కు దగ్గర ఎర్రగా కనిపిస్తే రక్తమని కంగారు పడకండి. అది పోర్ఫిరిన్ అనే రంగు స్రావం. రోజూ కనిపిస్తుంటే మాత్రం దుమ్మో, ఒత్తిడో, జబ్బో ఉన్నట్టు.

అపోహ: సాంబ్రాణి వేస్తే, నిమ్మతొక్కలు పెడితే వాసన పోతుంది.

వాస్తవం: సాంబ్రాణి, ఊదుబత్తి, కర్పూరం, దోమల కాయిల్, కలరా ఉండలు ఉన్న గదిలో ఎలుక ఉండకూడదు. నిమ్మ, నారింజ తొక్కల్లోని నూనెలో ఉండే లిమొనీన్ మోతాదు మించితే మగ ఎలుకల మూత్రపిండాలను పాడుచేస్తుంది. ఫినాయిల్‌తో రోజూ తుడవడమూ తప్పే. తన వాసన మొత్తం పోతే ఎలుక కంగారుపడి ఇంకా ఎక్కువ ఉచ్చ చల్లుతుంది. తడిసిన ముక్కలు రోజూ తీసేయండి. వారానికోసారి సగం పరుపు మార్చి, ప్లాస్టిక్‌నూ గ్రానైట్‌నూ గిన్నెల సబ్బుతో కడిగి ఎండబెడితే చాలు. చీమల చాక్‌పీసు అసలు గీయకండి, అది పురుగుమందు. క్రేటు కింద నాలుగు కాళ్ళు కట్టి నీళ్ళ గిన్నెల్లో నిలబెడితే చీమ ఎక్కదు.

అపోహ: పీవీసీ పైపు ఏ సైజైనా గుహే.

వాస్తవం: ఆడ ఎలుకలకు 75 మి.మీ., మగవాటికి 110. అంతకన్నా సన్నగా ఉంటే లోపల తిరగలేక వెనక్కి నడుస్తాయి. ముక్క 30 సెం.మీ. మించితే లోపల కడగడం కష్టం, ఉచ్చ నిలుస్తుంది. కోసిన అంచును ఉప్పుకాగితంతో రుద్దండి. నిటారుగా బిగిస్తే నున్నగా ఉండి జారిపడతాయి. అంచు కొరికి ప్లాస్టిక్ రేకులు లేస్తుంటే ఆ ముక్క తీసేయండి.

అపోహ: చక్రం చిన్నదైనా పరుగు పరుగే.

వాస్తవం: ఎలుకకన్నా చిన్నదైన హ్యామ్‌స్టర్ కోసం చేసిన చక్రంలో ఎలుక నడుము విల్లులా వంగుతుంది. 30 సెం.మీ. వ్యాసం, సందులు లేని తలం ఉంటేనే పెట్టండి, లేకపోతే వద్దు. ఇంట్లో డబ్బామూతలతో చేసిన చక్రాల ఇరుసు దగ్గర తోక నలిగే ప్రమాదం ఉంది.

అపోహ: ఎంత ఎత్తు కడితే అంత సరదా.

వాస్తవం: ఎలుక చూపు మందం, ఎర్రకళ్ళ తెల్ల ఎలుకలకైతే మరీను. దూరం అంచనా వేయలేక దూకుతాయి. అంతస్తుకూ అంతస్తుకూ 30 సెం.మీ. మించితే మధ్యలో ఫ్లీస్ ఊయల కట్టండి, నాలుగు మూలలా క్లిప్పులతో, పురికొసతో కాదు. తెల్ల ఎలుకల కళ్ళకు వెలుతురూ పడదు, కనీసం ఒక గది చీకటిగా ఉండాలి.

అపోహ: ఒకసారి కడితే ఏళ్ళ తరబడి ఉంటుంది.

వాస్తవం: క్రేటు, కుండ, గ్రానైట్ ఉంటాయి. అట్ట ఉండదు, ఉండకూడదు కూడా. అడుగు అట్ట తడిసి మెత్తబడినా, ముక్కుకు ఘాటు తగిలినా మార్చాలి. వేసవిలో రెండు వారాలు రావచ్చు, వానల్లో వారం కూడా కష్టం. ముందుగోడ కొలతలతో ఒక అట్టను నమూనాగా దాచుకుంటే కొత్త గోడ కోయడం అరగంట పని.

పాదం వాచినా, ఊపిరిలో గురగుర వినిపించినా ఆటిల్లు మార్చి ఊరుకోకండి. తిరుపతిలో 1955 నుంచి ఉన్న పశువైద్య కళాశాల ఆసుపత్రి అందుబాటులోనే ఉంది. తీసుకెళ్ళేటప్పుడు రెండో ఎలుకను కూడా అదే పెట్టెలో పెట్టండి. వేసవైతే ఉదయమే బయల్దేరండి.