ప్లగ్గుకు వైరు లేని ఇంజన్

దాళ్వా కోతలు ముగిసి, గడ్డి కూడా ఇంటికి చేరాక, మా పాలకొల్లు వైపు చేలు నెర్రెలు విచ్చుకుని ఉంటాయి. ఆ రోజుల్లో కళ్ళం చేసిన గట్టి నేల మీద నేను చేతిలోని రిమోట్‌తో నడిచే రేడియో కారు నడుపుతుంటాను. అసలు కారులో ఎనిమిదో వంతు ఉండే బండి, లోపల 3.5 సీసీ నైట్రో ఇంజన్. కిందటి వేసవిలో ఒక సాయంత్రం, రొయ్యల చెరువుల మీద డీజిల్ ఇంజన్లు బాగుచేసే మేస్త్రీగారు ఆ చప్పుడు విని గట్టు దిగి వచ్చారు. సంచిలో ఉన్న రెండో ఇంజన్‌ను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ప్లగ్గు ఉంది, మరి ప్లగ్గుకు వైరు ఏదండీ?" అని అడిగారు.

ఇంజన్లు తెలిసిన మనిషి మొదట అడగాల్సిన ప్రశ్న అదే. ఆ వైరు ఎందుకు లేదో తెలిస్తే, ఈ ఇంజన్‌ను ఎలా నడపాలో, ఆపాక ఎలా చూసుకోవాలో చాలావరకు తెలిసిపోతుంది.

పెట్రోలు ఇంజన్‌లో నిప్పురవ్వ సమయానికి పడుతుంది. డీజిల్ ఇంజన్‌లో గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. నైట్రో ఇంజన్ దారి వేరు. దీని ప్లగ్గు కొనలో చిన్న గుంట ఉంటుంది, ఆ గుంటలో సన్నని ప్లాటినం తీగ చుట్టలుగా ఉంటుంది. భూతద్దం పెట్టి చూస్తే తప్ప ఆ చుట్టలను లెక్కపెట్టలేం. స్టార్ట్ చేసేటప్పుడు ఒకటిన్నర వోల్టు బ్యాటరీ తగిలిస్తే తీగ ఎర్రబడుతుంది. ఇంజన్ అందుకోగానే బ్యాటరీ తీసేస్తాం. ఆ తర్వాత ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఏ కరెంటూ లేకుండానే తీగ ఎర్రగా ఉంటుంది.

కారణం ప్లాటినమే. 1817లో ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఈ వింతను గమనించారు. వేడి చేసిన ప్లాటినం తీగను మండే వాయువు, గాలి కలిసిన చోట ఉంచితే, మంట లేకుండానే అది ఎర్రగా వెలుగుతూ ఉండిపోయింది. ఆల్కహాల్ ఆవిరిలోనూ అంతే జరుగుతుంది. ఆవిరి, ఆక్సిజన్ ఆ లోహపు ఉపరితలం మీద కలిసి వేడి పుట్టిస్తాయి, ప్లాటినం మాత్రం ఖర్చు కాదు. ఇలా తాను ఖర్చు కాకుండా పని జరిపించే పదార్థాన్నే ఉత్ప్రేరకం అంటారు. ఈ సూత్రంతో 1947లో అమెరికాలో రే ఆర్డెన్ గ్లో ప్లగ్గును మార్కెట్లోకి తెచ్చారు. అంతకుముందు స్పార్కు ప్లగ్గు వాడే మోడల్ విమానాలు బ్యాటరీని, కాయిల్‌ను, కండెన్సర్‌ను కూడా మోస్తూ ఎగిరేవి. ఆ బరువంతా ఒక్కసారిగా దిగిపోయింది.

బరువు దిగింది కానీ, దానితోపాటు ఇంకొకటి కూడా పోయింది. ఎప్పుడు అంటించాలో చెప్పే యంత్రాంగం ఈ ఇంజన్‌లో లేదు. ఇంజన్ నిమిషానికి 30,000 చుట్లు తిరుగుతోందంటే సెకనుకు 500 చుట్లు. టూ స్ట్రోక్ కాబట్టి చుట్టుకో మంట. అంటే ఒక్కో మంటకు దక్కేది సెకనులో ఐదువందలో వంతు సమయం. అంత వేగంలో ఏ క్షణాన అంటుకోవాలన్నది తీగ వేడి, లోపలి ఒత్తిడి, ఇంధనంలో ఏమెంత ఉందన్నది, ఆ రోజు గాలి అన్నీ కలిసి తేల్చే విషయం. వీటిలో ఏది మారినా మంట ముందుకో వెనక్కో జరుగుతుంది. కొత్త కార్లలో కంప్యూటర్ చేసే పనిని ఇక్కడ మనిషి చేయాలి. నాకు ఈ ఇంజన్ మీద మమకారం పుట్టింది సరిగ్గా ఇందుకే.

ఇంధనం సంగతి. ఇందులో పెట్రోలు చుక్క కూడా ఉండదు. ప్రధానంగా మిథనాల్ అనే ఆల్కహాల్, దానితో సాధారణంగా 16 నుంచి 30 శాతం వరకు నైట్రోమీథేన్, మిగతాది నూనె. నైట్రోమీథేన్‌లో ఏదో మహాశక్తి ఉందని చాలామంది అనుకుంటారు. కిలో నైట్రోమీథేన్ కాలితే వచ్చే వేడి, కిలో పెట్రోలు ఇచ్చే వేడిలో దాదాపు నాలుగో వంతే. దాని బలం అణువులోనే ఉన్న ఆక్సిజన్‌లో ఉంది. కిలో పెట్రోలు కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, మిథనాల్‌కు 6.4 కిలోలు చాలు, నైట్రోమీథేన్‌కు 1.7 కిలోలు చాలు. సిలిండర్‌లో పట్టే గాలి ఎప్పుడూ అంతే. ఆ గాలితో ఎంత ఎక్కువ ఇంధనం కాల్చగలిగితే అంత బలం. లెక్క కడితే, అదే గాలితో నైట్రోమీథేన్ పెట్రోలు కన్నా రెట్టింపుకు పైగా వేడి ఇస్తుంది. అందువల్లే గోళీకాయంత పిస్టన్ ఉన్న ఇంజన్ రెండు హార్స్‌పవర్ దాటుతుంది. వంద సీసీ బైకు ఇచ్చేది ఎనిమిదే అని గుర్తుంచుకుంటే అదెంతో తెలుస్తుంది.

ఇక నూనె. కొంత సింథటిక్, కొంత మన ఆముదం. మామూలు వంటనూనెలు మిథనాల్‌లో కలవవు, ఆముదం కలిసిపోతుంది. ఆముదంలో పదింట దాదాపు తొమ్మిది పాళ్ళు ఉండే రిసినోలిక్ ఆమ్లానికి ఆల్కహాల్ తరహా భాగం ఒకటి ఉండడమే కారణం. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు విమానాల రోటరీ ఇంజన్లలో వాడిందీ ఆముదమే. ఇది వేడికి చెదరకుండా లోహాన్ని పట్టుకుని ఉంటుంది. ఎక్కువైతే పిస్టన్ మీద గోధుమరంగు పొరలా గట్టిపడుతుంది, అందుకని సింథటిక్‌తో కలుపుతారు. కారు మలుపు తిరిగి వెళ్ళాక గాలిలో మిగిలే ఆ వాసన నాకు మా నాయనమ్మ వెలిగించే ఆముదపు దీపాన్ని గుర్తుచేస్తుంది.

మిథనాల్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. పగటి వెలుగులో దాని మంట కంటికి దాదాపు కనిపించదు. చెయ్యి చురుక్కుమన్నాకే నిప్పు ఉందని తెలుస్తుంది. కడుపులోకి పోతే శరీరం దాన్ని ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది, చూపు పోతుంది, ప్రాణమూ పోవచ్చు. చర్మం గుండా కూడా లోపలికి చేరుతుంది. తొడుగులు లేకుండా పోయకండి, పిల్లలకు అందే చోట డబ్బా పెట్టకండి, నీళ్ళ సీసాలో అసలే నింపకండి.

ఇప్పుడు గాలి. గోదావరి డెల్టా సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంది కాబట్టి గాలి చిక్కగా ఉండాలి. కానీ ఇక్కడి గాలిలో నీరు ఎక్కువ. ఉక్కపోత రోజున గాలి బరువుగా ఉందంటాం, నిజానికి అది తేలిక. నీటి అణువు నైట్రోజన్ కన్నా, ఆక్సిజన్ కన్నా తేలికైనది, అది చొరబడిన మేరకు ఆక్సిజన్ తప్పుకుంటుంది. జనవరి తెల్లవారుజామున 18 డిగ్రీల గాలికీ, మే మధ్యాహ్నం 40 డిగ్రీల తడి గాలికీ మధ్య లెక్క వేస్తే, ఒక గుక్క గాలిలో దొరికే ఆక్సిజన్ దాదాపు 9 శాతం తగ్గుతుంది. కార్బురేటర్ మీది నీడిల్, అంటే ఇంధనం ఎంత పోవాలో తేల్చే మర, ఇంధనాన్ని ఎప్పటిలాగే పంపుతుంది, దానికి ఈ సంగతి తెలియదు.

జనవరిలో కుదిర్చిన నీడిల్ మే నెలకు రిచ్ అవుతుంది. అంటే గాలికి మించిన ఇంధనం. పొగ దట్టంగా వస్తుంది, బండి బద్ధకంగా కదులుతుంది, అంతకుమించి నష్టమేమీ లేదు. ప్రమాదం దీనికి తిరగేసిన దారిలో ఉంది. వేసవిలో కుదిర్చిన కారును అలాగే పెట్టెలో ఉంచి, సంక్రాంతి సెలవులకు బయటికి తీసి, మంచు విడవని పొద్దున స్టార్ట్ చేస్తారు. చిక్కని చల్లగాలికి ఆ ఇంధనం చాలదు. దీన్ని లీన్ అంటారు. బండి మొదటి రెండు నిమిషాలు ఎన్నడూ లేనంత చురుగ్గా పరుగెడుతుంది, చూసేవాళ్ళు చప్పట్లు కొడతారు. లోపల జరిగేది వేరు. ఈ ఇంజన్‌కు నూనె విడిగా లేదు, ఇంధనంతోనే వస్తుంది. చల్లదనంలో పెద్ద వాటా కూడా ఇంధనానిదే, మిథనాల్ ఆవిరవుతూ పెట్రోలు కన్నా మూడు రెట్ల వేడిని లాక్కుంటుంది. ఇంధనం తగ్గించామంటే తిండితోపాటు నూనెనూ చలవనూ కూడా కోసేశామన్నమాట. ఆ చురుకు పిస్టన్ ప్రాణం తీసి ఇచ్చిన చురుకు.

అందుకే ఏ రోజైనా మొదట రిచ్‌గా మొదలుపెట్టి, గడియారం ముఖం మీద ఒక గంట దూరమంతే నీడిల్ తిప్పి, రెండు చుట్లు నడిపి, మళ్ళీ చూడాలి. వెనుక సన్నని పొగ తీగ ఎప్పుడూ కనిపించాలి. సిలిండర్ పైమూత, అంటే హెడ్, వేడి 100 నుంచి 120 డిగ్రీల మధ్య ఉంటే మంచిదే, కానీ నేను అంకె కన్నా పొగను ఎక్కువ నమ్ముతాను. ఎండలో అంకె ఒకలా ఉంటుంది, గాలి వీచే చోట మరోలా ఉంటుంది. దోసెల పెనం మీద నీళ్ళు చిలకరించి చూసినట్టు హెడ్ మీద ఒక చుక్క వేసి, అది మూడు నాలుగు సెకన్లలో ఇగిరిపోతే నాకు తృప్తి. చుయ్యిమని క్షణంలో మాయమైతే వెంటనే ఆపేస్తాను. ప్లగ్గు విప్పినప్పుడు తీగ తడిగా మెరుస్తూ ఉందా, గరుకెక్కి బూడిదరంగుకు తిరిగిందా అన్నది కూడా అదే కథ చెబుతుంది. గరుకైన తీగ లీన్‌కు సాక్ష్యం.

మేస్త్రీగారిని అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది పిస్టన్‌కు రింగులు లేకపోవడం. ఆ సంచిలోని ఇంజన్‌నే ఆయన వేలితో తిప్పారు. కింద వదులుగా కదిలిన పిస్టన్ పైకి వచ్చేసరికి బిగుసుకుని కీచుమంది. "పట్టేసిందండీ" అన్నారు. పట్టేయలేదు, అది దాని నిర్మాణం. పిస్టన్ కదిలే గొట్టాన్ని స్లీవు అంటారు. అది లోపల క్రోమియం పూత వేసిన ఇత్తడి, పైకి పోయేకొద్దీ వెంట్రుకలో కొంత వంతు మేర సన్నబడుతుంది. పిస్టన్ సిలికాన్ కలిపిన అల్యూమినియం. వేడెక్కితే ఇత్తడి ఎక్కువ సాగుతుంది, అందులోనూ మంట దగ్గర ఉండే పైభాగం ఇంకా ఎక్కువ. పని వేడికి వచ్చేసరికి సన్నని గొట్టం నిటారుగా మారి పిస్టన్‌కు సరిగ్గా అమరుతుంది. అందుకే కొత్త ఇంజన్‌ను చల్లగా ఉన్నప్పుడు బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్డు మీద భారం పడుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో హెడ్‌ను బాగా వేడి చేసి స్టార్ట్ చేయడం, రిచ్‌గా కొద్ది నిమిషాలు నడిపి చల్లార్చడం, మళ్ళీ నడపడం, ఇలా కొన్ని ట్యాంకులు పోతే లోహం కుదురుకుంటుంది. తొందరపడేవాళ్ళు ఈ రెండు గంటలనూ దండగ అనుకుంటారు. ఇంజన్ ఆయుష్షు ఆ రెండు గంటల్లోనే సగం నిర్ణయమవుతుంది.

ఆ బిగువును అరగదీసేది దుమ్ము. లంక నేలల ఇసుకలో ఉండే క్వార్ట్జ్ అల్యూమినియం కన్నా చాలా గట్టిది. స్పాంజి ఫిల్టరుకు జిగురు నూనె పట్టించకుండా లంకలో కారు దింపడమంటే సిలిండర్‌లో ఉప్పుకాగితం పెట్టినట్టే. ప్రతి ఆటకూ కడిగిన ఫిల్టరు నూనె పట్టించి వేయాలి.

కానీ మన ప్రాంతంలో ఎక్కువ ఇంజన్లు పోయేది నడిచేటప్పుడు కాదు, ఆగి ఉన్నప్పుడు. నా మొదటి ఇంజన్ అలాగే పోయింది. ఆగస్టులో ఒక ఆదివారం నడిపి, వాన మొదలైందని హడావిడిగా అరుగు మీద పెట్టి వదిలేశాను. వారం తర్వాత చక్రం తిప్పితే చేతికి కరకరమని తగిలింది. వెనుక మూత విప్పితే పెద్ద బేరింగు గుండ్ల మీద ఇటుకరంగు చారలు. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నైట్రోమీథేన్ కాలాక మిగిలే వ్యర్థం ఆ తేమతో ఆమ్లమవుతుంది, ఉక్కు గుండ్లు ఆ రెంటి మధ్యా వారం రోజులు నానాయి. రాజమండ్రి నుంచి అంతర్వేది దాకా వానాకాలంలో ఏ ఇంట్లోనైనా ఉప్పు ముద్దకడుతుంది. ఆ గాలిలో ఇంధనం అంటిన ఉక్కు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

అప్పటి నుంచి చివరి ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, ఇంజన్ దానంతట అదే ఆగేదాకా ఉంచుతాను. బ్యాటరీ పెట్టి ఇంకోసారి తిప్పి లోపల మిగిలిన తడి కూడా కాలిపోనిస్తాను. వేడి తగ్గకముందే పిస్టన్‌ను అడుగుకు దించుతాను. పైన వదిలితే చల్లారిన స్లీవు దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ప్లగ్గు తీసి, అక్కడ నాలుగు చుక్కలు, కార్బురేటర్‌లో నాలుగు చుక్కలు కుట్టు మిషను నూనె వేసి, బేరింగులదాకా చేరేలా చేత్తో పదిసార్లు తిప్పి, మళ్ళీ పిస్టన్‌ను అడుగునే ఆపుతాను. డబ్బాలో మిగిలిన ఇంధనానికి మూత బిగించి ఎండ తగలని చోట పెడతాను. ఇంజన్‌ను గుడ్డలో చుట్టి, రబ్బరు అంచున్న స్టీలు డబ్బాలో, మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో సహా ఉంచుతాను. మళ్ళీ స్టార్ట్ చేసే ముందు ప్లగ్గు తీసి తిప్పి ఆ నూనెను బయటికి చిమ్మించాలి, లేకపోతే నలగని ద్రవం మీద పిస్టన్ గుద్దుకుని రాడ్డు వంగుతుంది.

ఈ సంవత్సరం వానలు వెళ్ళాక మేస్త్రీగారు మళ్ళీ వచ్చారు. డబ్బా తెరిచి ఇంజన్ ఆయన చేతికే ఇచ్చాను. వేలితో మెల్లగా తిప్పారు. కింద నున్నగా జారింది, పైకి వచ్చేసరికి బిగిసి, పోయిన ఏడాదిలాగే కీచుమంది.