గోడ దూకేవాళ్ల కోసం తెచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం, కాదన్నవాళ్ల మెడకు ఎలా చుట్టుకుంది?

1957 డిసెంబరులో రాయ్‌బరేలీ కాంగ్రెస్ సభ్యుడు ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో లేచి, జీవిత బీమా సంస్థ డబ్బు కోటీ పాతిక లక్షల దాకా హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లోకి ఎందుకు వెళ్లిందని నిలదీశారు. ప్రభుత్వం ఆయన పార్టీదే, ప్రధాని స్వయానా మామగారు. విచారణ జరిగింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి తప్పుకున్నారు. ఫిరోజ్ మాత్రం చివరిదాకా కాంగ్రెస్‌లోనే ఉన్నారు.

1959 జనవరిలో కాంగ్రెస్ నాగపూర్ మహాసభ సహకార వ్యవసాయానికి తీర్మానం చేసింది. రైతు చేతిలో భూమి నిలవదని మన ఎన్.జి. రంగా గట్టిగా వ్యతిరేకించారు. మాట నెగ్గకపోవడంతో బయటికొచ్చి, అదే ఏడాది పుట్టిన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడయ్యారు. ఒకరు లోపలే ఉండి ప్రశ్నించారు, ఇంకొకరు దారి మార్చుకున్నారు. ఇద్దరినీ నడిపించింది అభిప్రాయమే, పదవి కాదు.

పదవి కోసం దూకడం 1967 ఎన్నికల తర్వాత జోరందుకుంది. హర్యానాలో గయాలాల్ రెండు వారాల్లోనే మూడుసార్లు పార్టీ మార్చారు. 'ఆయారాం గయారాం' అనే మాట అక్కడే పుట్టింది. దీన్ని ఎలా ఆపాలో తేల్చడానికి కమిటీ వేయాలని ఆ ఏడాదే లోక్‌సభలో తీర్మానం పెట్టింది మన రాయలసీమ నాయకుడు పెండేకంటి వెంకటసుబ్బయ్య. హోంమంత్రి వై.బి. చవాన్ అధ్యక్షతన వేసిన ఆ కమిటీలో జయప్రకాశ్ నారాయణ్ కూడా ఉన్నారు. 1969లో వచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది: ఫిరాయించిన 210 మందిలో 116 మందికి మంత్రి పదవులు దక్కాయి. ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమైన లెక్క ఇదేనని నేను అనుకుంటాను. జబ్బు ఎక్కడుందో అప్పుడే తెలిసిపోయింది.

అదే ఏడాది రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. అంతరాత్మ చెప్పినట్టు ఓటు వేయమని ప్రధాని ఇందిరా గాంధీయే పిలుపునిచ్చారు. స్వతంత్రుడిగా నిలబడ్డ వి.వి. గిరి గెలిచారు, కాంగ్రెస్ చీలింది.

1984 ఆగస్టులో నాదెండ్ల భాస్కరరావు ఎన్టీఆర్‌ను దించి ముఖ్యమంత్రి అయినప్పుడు ఎమ్మెల్యేలను క్యాంపుల్లో పెట్టి కాపాడుకోవాల్సి వచ్చింది. సరిగ్గా నెలకు ఎన్టీఆర్ తిరిగొచ్చారు. మరుసటి ఏడాది మొదట్లోనే రాజీవ్ గాంధీ ప్రభుత్వం రాజ్యాంగానికి 52వ సవరణ చేసి, ఫిరాయింపుల మీద పదో షెడ్యూల్ తెచ్చింది. పార్టీని వదిలేస్తే సభ్యత్వం పోతుందని అందులో రాశారు. అంతవరకు న్యాయమే. దానితో పాటు, విప్‌కు, అంటే ఎలా ఓటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశానికి, వ్యతిరేకంగా ఓటు వేసినా, ఓటింగుకు దూరంగా ఉన్నా, పార్టీ పదిహేను రోజుల్లో క్షమించకపోతే సభ్యత్వం పోతుందని కూడా రాశారు. అవిశ్వాస తీర్మానమైనా, ఏదో చిన్న బిల్లైనా ఒకటే రూలు. మరోవైపు, మూడింట ఒక వంతు మంది కలిసి వెళ్తే చీలిక అని వదిలేశారు. 2003లో ఆ వెసులుబాటు తీసేశారు గానీ, మూడింట రెండొంతులు కలిసి వెళ్తే విలీనం అనే దారి అలాగే ఉంది.

ప్రభుత్వం నిలబడుతుందా పడిపోతుందా అనే ఓటింగులకే ఈ శిక్షను పరిమితం చేయాలని 1990లో దినేశ్ గోస్వామి కమిటీ చెప్పింది. 1992లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థిస్తూనే విప్‌ను ఆచితూచి వాడాలంది. ఆ మేరకు చట్టాన్ని మార్చినవాళ్లు లేరు.

రాష్ట్ర విభజన అప్పుడు ఈ ఇరకాటం మన కళ్లముందే కనబడింది. 2011 జులైలో తెలంగాణ కాంగ్రెస్ ప్రజాప్రతినిధులు రాష్ట్రం కోసం మూకుమ్మడిగా రాజీనామా లేఖలు ఇచ్చారు. 2013 డిసెంబరులో సీమాంధ్ర కాంగ్రెస్ ఎంపీలు తమ ప్రభుత్వంపైనే అవిశ్వాస నోటీసులు ఇచ్చారు. 2014 జనవరి 30న, కేంద్రంలో కాంగ్రెస్ తెచ్చిన బిల్లును తిరస్కరించే తీర్మానాన్ని కాంగ్రెస్ ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్‌రెడ్డే శాసనసభలో నెగ్గించారు. ఫిబ్రవరి 11న ఆరుగురు ఎంపీలను పార్టీ బహిష్కరించింది. వారం తర్వాత లోక్‌సభలో టీవీ ప్రసారం ఆగిపోయింది, బిల్లు మూజువాణి ఓటుతో, అంటే సభ్యుల కేకలను బట్టే, గట్టెక్కింది. ఏ ఎంపీ ఎటువైపు నిలిచాడో పేరుపేరునా రికార్డు లేదు. విభజనను కోరుకున్నవాళ్లకైనా, వద్దన్నవాళ్లకైనా ఆ రికార్డు తెలుసుకునే హక్కుంది.

ఇక 2019 జూన్ సంగతి చూడండి. తెలంగాణలో కాంగ్రెస్‌కు 19 మంది ఎమ్మెల్యేలు. ఉత్తమ్‌కుమార్‌రెడ్డి ఎంపీగా గెలిచి రాజీనామా చేయడంతో 18 మంది మిగిలారు. మూడింట రెండొంతులకు 12 మంది చాలు. సరిగ్గా 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు, ఎవరి సభ్యత్వమూ పోలేదు. అదే చట్టం కింద, ఒక్క బిల్లు మీద మనసొప్పక విప్‌ను కాదని ఓటు వేసిన ఒక్క సభ్యుడి సీటు మాత్రం పోవచ్చు. ఇది నాకు ఎంతమాత్రం న్యాయంగా కనబడదు.

అవిశ్వాసం, బడ్జెట్ లాంటివి తప్ప మిగతా బిల్లులపై సభ్యులను స్వేచ్ఛగా ఓటు వేయనివ్వాలని కాంగ్రెస్ ఎంపీ మనీశ్ తివారీ 2010లో, 2021లో, మళ్లీ 2025లో ప్రైవేటు మెంబరు బిల్లు (మంత్రి కాని సభ్యుడు సొంతంగా పెట్టేది) పెట్టారు. 1970 తర్వాత పార్లమెంటులో ఒక్క ప్రైవేటు మెంబరు బిల్లు కూడా చట్టం కాలేదు.