పోస్టు ఎందుకు తీసేశారు? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఒక విత్తనాల కంపెనీ నడిపే రైతుల ఆన్‌లైన్ చర్చా వేదికకు హనుమకొండ నుంచి మోడరేటర్‌గా, అంటే ఏ పోస్టు ఉంచాలో ఏది తీయాలో చూసే మనిషిగా, పనిచేస్తున్నాను. పత్తి విత్తే రోజులొస్తే తిండికి కూడా తీరిక ఉండదు. రైతులు ఫోన్ చేసి నిలదీసేది కూడా అప్పుడే ఎక్కువ.

అపోహ: అంతా మిషనే చేస్తది, మనిషి చూడడు.

ముందు ఆపేది సాఫ్ట్‌వేరే. కొన్ని మాటల జాబితా ఇచ్చి పెడతాం, అవి కనబడగానే పోస్టు మా దగ్గర ఆగుతుంది. పరకాల దిక్కు రైతు ఒకాయన "నిన్న మందు కొట్టిన, రాత్రి వాన పడ్డది, మల్ల కొట్టాల్నా?" అని అడిగాడు. సాఫ్ట్‌వేర్ దాన్ని మద్యం ముచ్చట అనుకుంది. మన దగ్గర జ్వరానికీ మందే, పత్తికీ మందే, సీసాలోదీ మందే. నేను చూసి వదిలేసరికి సాయంత్రమైంది.

అయినా "పురుగుల మందు" అనే మాటను ఆ జాబితాలోంచి తీయనివ్వను. వచ్చేవన్నీ దాదాపు గులాబీ పురుగు, పేనుబంక సంగతులే. ఒక రాత్రి మాత్రం "అప్పు తీరేటట్టు లేదు, ఇగ పురుగుల మందే దిక్కు" అని వచ్చింది. వెంటనే ఫోన్ చేశాం, ఇంట్లోవాళ్లను లేపాం, మనసు బాగోలేనివాళ్లకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416 ఇచ్చాం. ఆ పోస్టును మనిషే చదవాలి.

అపోహ: కంపెనీని తప్పుపడితే పోస్టు ఉంచరు.

ఈ అనుమానం రావడానికి కారణం మా పని చేసేవాళ్లమే. ఇంతకుముందు నేను పనిచేసిన చోట, లాట్ నంబర్‌తో సహా "మొలక రాలె" అని పెట్టిన ఫొటోలను కనబడకుండా చేయమన్నారు. పెట్టిన రైతుకు తన పోస్టు కనబడుతూనే ఉంటుంది, ఇంకెవరికీ కనబడదు. ఒక్కరూ జవాబివ్వరేమని ఆయన ఎదురుచూస్తూ ఉంటాడు. అదే లాట్ కొన్న పక్క ఊరి రైతు దాన్ని చదివి ఉంటే, అదను దాటకముందే వేరే విత్తనం తెచ్చుకునేవాడు. అది మోడరేషన్ కాదు, మోసం. ఆ ఉద్యోగం వదిలేశాను. తీసిన ప్రతి పోస్టుకూ ఏ నియమం కింద తీశామో తెలుగులో రాయాలన్న షరతు మీదే ఇక్కడ చేరాను.

అపోహ: లాయర్ నోటీసు వస్తే తీసెయ్యాల్సిందే.

డీలర్ పేరు రాస్తే నోటీసులు వస్తుంటాయి. శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఐటీ చట్టంలో అభ్యంతరకరమైన ఆన్‌లైన్ రాతలకు శిక్ష వేసే 66ఎ సెక్షన్‌ను కొట్టేసింది. కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ ఆదేశమో అందితేనే వేదికకు తొలగించాల్సిన బాధ్యత ఉంటుందని ఇతరులు పెట్టిన పోస్టులకు వేదికను బాధ్యత నుంచి కాపాడే 79వ సెక్షన్ గురించి అదే తీర్పులో చెప్పింది. డీలర్ ఇంటి ఫొటోనో సొంత ఫోన్ నంబరో ఉంటే మా నియమం ప్రకారం అది తీస్తాం. బిల్లు చూపించి రాసిన ఫిర్యాదు ఉంచుతాం.

అపోహ: అడిగి లాభం లేదు.

ఉంది. 2021 ఐటీ నియమాల ప్రకారం ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదించే వివరాలు వేదిక మీదే ఉండాలి, ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి. ఆయన నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లోపు కేంద్రం ఏర్పాటుచేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో అప్పీలు చేసుకోవచ్చు. పోస్టు పెట్టగానే స్క్రీన్‌షాట్ తీసి, బిల్లుతోపాటు విత్తనాల ఖాళీ ప్యాకెట్ కూడా దాచుకోండి.