వారంటీ రిపేరు: "చేయిజారింది" అని చెప్పడం గురించి అపోహలు - వాస్తవాలు

రిపేరుకి వెళ్లిన ఇంట్లో మేం ఎక్కువగా వినే మాట ఇది: "మేమేం చెయ్యలేదు బాబూ, రాత్రి బానే ఉంది, పొద్దున లేచేసరికి ఆగిపోయింది." చాలా ఇళ్లలో అది నిజమే. కొన్ని ఇళ్లలో కాదు. గుంటూరు చుట్టుపక్కల ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, టీవీలు బాగుచేసే పనిలో ఉన్నాను కాబట్టి గట్టిగానే చెబుతాను, పొరపాటున జరిగినదాన్ని దాస్తే ఆ ఖర్చు తప్పకపోగా ఇంకా పెరుగుతుంది. అయినా ఎందుకు దాస్తారంటే భయం. ముందు దాని సంగతే చూద్దాం.

అపోహ: పొరపాటు ఒప్పుకుంటే వారంటీ మొత్తం పోతుంది.

వారంటీ అంటే తయారీలో లోపం ఉంటే కంపెనీ చూసుకుంటుందని మాట ఇవ్వడం. మన చేతిలో విరిగినదానికి అది వర్తించదు. కానీ వర్తించనిది ఆ విరిగిన భాగానికి, దానివల్ల పాడైనదానికి మాత్రమే. కూరగాయల ట్రే పగిలిందని కంప్రెసర్ వారంటీ ఎవరూ తీసెయ్యరు. ట్రేకి డబ్బు కట్టి కొత్తది వేయించుకుంటే మిగతా వారంటీ దాని తేదీ వరకూ నడుస్తుంది.

వారంటీ పూర్తిగా పోయే కారణాలు సాధారణంగా వేరే ఉంటాయి. బయటి మెకానిక్‌తో విప్పించడం, సీరియల్ నంబర్ స్టిక్కర్ చింపడం, ఇంటికోసమని కొన్నదాన్ని హాస్టల్‌లోనో టిఫిన్ సెంటర్‌లోనో వాడటం, ఇలాంటివి. వారంటీ కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఇవన్నీ ఉంటాయి. కొన్నరోజే ఒకసారి చదివి పెట్టుకోండి. "కంప్రెసర్‌కి పదేళ్లు" అని బోర్డు మీద ఉన్నా గ్యాస్, లేబర్ చార్జీలు చాలా కార్డుల్లో అందులోకి రావు. ఆ సంగతీ అక్కడే తెలుస్తుంది.

అపోహ: అసలేం జరిగిందో టెక్నీషియన్‌కి తెలియదు.

తెలుస్తుంది. కాకపోతే ఆలస్యంగా తెలుస్తుంది. ఆ ఆలస్యమే నష్టం.

సింగిల్ డోర్ ఫ్రిజ్ సంగతే తీసుకోండి. ఫ్రీజర్‌లో మంచు గడ్డకట్టి పాల ప్యాకెట్ ఇరుక్కుపోతుంది. చాకుతోనో స్క్రూడ్రైవర్‌తోనో పొడుస్తారు. ఫ్రీజర్ గోడ మామూలు రేకులా కనిపిస్తుంది గానీ అది రెండు పల్చటి అల్యూమినియం పొరలు, వాటి మధ్యలోనే గ్యాస్ తిరిగే దారి. చాకు మొన తగిలితే బుస్సుమని శబ్దం వస్తుంది, ఒక్కోసారి అదీ వినపడదు. సబ్బు నురగ రాసి చూస్తే బుడగ ఎక్కడ లేస్తుందో మాకు కనపడుతుంది. తుప్పువల్ల పడిన చిల్లుకి చుట్టూ తెల్లటి పొడి, గరుకుదనం ఉంటాయి. చాకు చిల్లు సన్నటి గీతలా ఉండి, అంచు లోపలికి వంగి ఉంటుంది. పక్కనే ఇంకో రెండు మూడు గీతలు కూడా ఉంటాయి. ఈ రెండింటినీ పోల్చుకోవడానికి పెద్ద అనుభవమేం అక్కర్లేదు.

అసలు కష్టం దాని తర్వాత ఉంది. ఇప్పుడొచ్చే చాలా ఫ్రిజ్‌లలో ఆర్-600ఏ గ్యాస్ ఉంటుంది. అంటే ఐసోబ్యూటేన్. ఇది మండే గ్యాస్. ఫ్రిజ్ వెనక కంప్రెసర్ దగ్గర పసుపు త్రికోణంలో మంట బొమ్మ ఉంటుంది చూడండి, అది దీనికోసమే. ఫ్రిజ్‌లో ఉండేది కొన్ని పదుల గ్రాములే అయినా, మూసిన తలుపు లోపల చేరితే ప్రమాదమే. చాకు తగిలిందని మీరు ముందే చెబితే మేం గాలి ఆడనిచ్చి, నిప్పు దగ్గరికి రానివ్వకుండా పని మొదలుపెడతాం. చెప్పకపోతే వచ్చిన మనిషి కరెంటు సమస్య అనుకుని లోపలి స్విచ్చులు నొక్కి చూస్తాడు. అతనికి కూడా ఇల్లూ పిల్లలూ ఉంటారు. దయచేసి ఈ ఒక్క విషయం దాచకండి. శబ్దం వినపడితే పొయ్యి, అగరుబత్తి ఏదీ వెలిగించకుండా కిటికీలు తెరిచి, కాసేపు గాలి ఆడనిచ్చి అప్పుడు ఫోన్ చేయండి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈ గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్‌లో ఫ్రీజర్ వైపు ఒత్తిడి తరచుగా బయటి గాలి ఒత్తిడి కన్నా తక్కువ ఉంటుంది. అంటే చిల్లు పడ్డాక కూడా ఫ్రిజ్ ఆన్‌లోనే ఉంటే, గ్యాస్ బయటికి పోవడంతో ఆగకుండా బయటి గాలి, తేమ లోపలికి వెళ్తాయి. ఆ తేమ ఆయిల్‌లో కలుస్తుంది, సన్నటి గొట్టంలో గడ్డకట్టి అడ్డం పడుతుంది, చివరికి కంప్రెసర్ దెబ్బతింటుంది. "చల్లబడుతుందేమో చూద్దాం" అని రెండు రోజులు నడిపితే, ఫ్రీజర్ ఒక్కటి మారిస్తే సరిపోయే పని కంప్రెసర్ దాకా వెళ్తుంది. చాకు చిల్లువల్ల పోయిన కంప్రెసర్ పదేళ్ల వారంటీలోకీ రాదు. అప్పుడు ఆ ఇంటి పెద్దావిడ ముఖం చూడాలంటే మాకూ బాధగానే ఉంటుంది.

అపోహ: నీళ్లు పడితే ఎండలో పెట్టి ఆరబెడితే ఆనవాలు ఉండదు.

నీళ్లు ఆరిపోతాయి, అందులోని ఉప్పు మిగిలిపోతుంది. మన బోరు నీళ్లయితే మరీనూ. పీసీబీ, అంటే లోపలి సర్క్యూట్ బోర్డు మీద తెల్లటి పొర, రాగి గీతల మీద ఆకుపచ్చ చిలుము కొద్ది రోజుల్లోనే కనపడతాయి. టీవీని తడిగుడ్డతో తుడిస్తే నీరు కిందికి కారి, అంచున ఉండే సన్నటి సర్క్యూట్ల మీద చేరి నిలువు గీతలు వస్తాయి. విప్పి చూస్తే చెమ్మ మరక ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలిసిపోతుంది.

నీళ్లు పడగానే ప్లగ్ తీసేసి, మళ్లీ ఆన్ చేయకుండా, "నీళ్లు పడ్డాయి" అని ఉన్నదున్నట్టు చెప్పి పిలిస్తే చాలాసార్లు బోర్డు శుభ్రం చేస్తే సరిపోతుంది. తడి మీదే ఆన్ చేసి "ఎందుకో ఆగిపోయింది" అంటే బోర్డే మార్చాలి.

అపోహ: టెక్నీషియన్‌కి ఎంతో కొంత ఇస్తే వారంటీలో రాసేస్తాడు.

ఒకప్పటి సంగతి నేను మాట్లాడను. ఇప్పుడు జాబ్‌కార్డ్‌తో (ఫిర్యాదు, చేసిన పని రాసే కాగితం) పాటు సీరియల్ నంబర్, పాడైన భాగం ఫొటోలు యాప్‌లో ఎక్కించాలి. మార్చిన భాగం తిరిగి కంపెనీకి వెళ్తుంది, అక్కడ మళ్లీ చూస్తారు. దెబ్బ తగిలిన గుర్తు కనపడితే క్లెయిమ్ కొట్టేసి, ఆ భాగం ధర సర్వీస్ సెంటర్ బిల్లులో కోస్తారు. ఆ కోత చివరికి ఆ కుర్రాడి జీతం మీదే పడుతుంది. "అన్నా, నువ్వే ఏదో ఒకటి రాసెయ్" అని ప్రేమగానే అడుగుతారు. అడుగుతున్నది అతని నెల జీతాన్ని అని వాళ్లకి తెలియదు. తెలిస్తే అడగరనే నా నమ్మకం.

అపోహ: ఎలుక కొరికినా, కరెంటు ఎక్కువొచ్చినా మన తప్పు కాదు గనక వారంటీలో వస్తుంది.

తప్పు ఎవరిదన్నది కాదు ఇక్కడ లెక్క, అది తయారీ లోపమా కాదా అన్నదే. ఎలుక కొరికిన వైరు చాలా కార్డుల్లో మినహాయింపు. వాషింగ్ మెషీన్ అడుగు తెరిచి ఉంటే జాలీ వేయించుకోండి, తక్కువలో అయిపోతుంది.

ఓల్టేజ్ సంగతి కొంచెం వేరు. వీధిలో న్యూట్రల్ వైరు తెగితే 230 ఓల్టులు రావాల్సిన ఇంటికి 400 దాకా రావచ్చు. బోర్డులో ఓల్టేజ్ పెరిగితే అడ్డుపడే వేరిస్టర్ అనే చిన్న భాగం పగిలి నల్లబడి ఉంటే మాకు అర్థమవుతుంది. అలాంటప్పుడు పక్కింట్లో కూడా బల్బులు, ఫ్యాన్లు పోయి ఉంటాయి. వెంటనే కరెంటు ఫిర్యాదుల నంబర్ 1912కి ఫోన్ చేసి కంప్లయింట్ నంబర్ తీసుకోండి. ఇక ఫ్రిజ్ మీద "స్టెబిలైజర్ అక్కర్లేదు" అని ఓల్టేజ్ అంకెలతో సహా రాసి ఉండి, మీ కరెంటు ఆ అంకెల లోపలే ఉంటే, ఓల్టేజ్ నెపం మీద కాదనడం కుదరదని అడగండి. అది మీ హక్కు.

అపోహ: మెకానిక్ "ఫిజికల్ డ్యామేజ్" అని రాస్తే ఇక చేసేదేం లేదు.

నిజాయితీ మీ ఒక్కరి నుంచే ఆశించడం అన్యాయం. మా వాళ్లలోనూ పని తప్పించుకోడానికి అలా రాసేవాళ్లున్నారు. దెబ్బ ఎక్కడ తగిలిందో వేలు పెట్టి చూపించమనండి. టీవీ ప్యానెల్‌కి, అంటే తెరకి దెబ్బ తగిలితే ఒక చోట నుంచి పగుళ్లు చుట్టూ పాకి ఉంటాయి. అలాంటి చోటేదీ లేకుండా, తడి మరకా లేకుండా నిలువు గీత ఒక్కటే ఉంటే అది ప్యానెల్ లోపమే కావచ్చు. ఫొటో తీయించి, కారణం రాయించి, జాబ్‌కార్డ్ కాపీ తీసుకోండి. "మీరు చెప్పిన ఫిర్యాదు" అన్న చోట ఏం రాశారో చదివాకే సంతకం పెట్టండి.

ఒప్పుకోకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కేసు రెండేళ్లలోపు వేయాలి. పరీక్షిస్తే తప్ప లోపం తేలదనుకుంటే వస్తువును ల్యాబ్‌కి పంపే అధికారం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కమిషన్‌కి ఇచ్చింది. మామూలుగా 45 రోజుల్లో రిపోర్టు రావాలి. మొదటి రోజు జాబ్‌కార్డ్‌లో ఉన్నదున్నట్టు రాయించినవాళ్లకి అక్కడ టెన్షన్ ఉండదు. దాచినవాళ్ల న్యాయమైన ఫిర్యాదు కూడా ఆ ఒక్క అబద్ధం దగ్గర బలహీనపడుతుంది.

అపోహ: ఎక్స్‌టెండెడ్ వారంటీ కట్టాం, పడినా పగిలినా వాళ్లే చూసుకుంటారు.

సాధారణంగా అది కంపెనీ వారంటీకి పొడిగింపు మాత్రమే, దెబ్బలకి కాదు. దెబ్బలకి, నీళ్లకి వేరే ప్లాన్లు ఉంటాయి. షాపులో బిల్లు వేసేటప్పుడే ఏది కడుతున్నారో అడగండి. ఆ ప్లాన్ ఉన్నవాళ్లు ఎప్పుడు, ఎలా జరిగిందో గడువులోపు రాసివ్వాలి. కొందరు ఆ ప్లాన్ చేతిలో ఉండి కూడా అలవాటు కొద్దీ "టీవీలో గీతలు వచ్చాయి" అని రాయిస్తారు. తయారీ లోపం కాదని కంపెనీ కొట్టేస్తుంది, ప్రమాదమని రాయలేదు గనక ప్లాన్ వాళ్లూ మెలిక పెడతారు. పిల్లాడు విసిరిన బంతి తగిలితే, బంతి తగిలిందనే రాయించండి. మీరు డబ్బు కట్టింది దానికే.