తల తిరిగేవాళ్ళే తల తిప్పాలి

పైకప్పు గిర్రున తిరుగుతుంటే మా పిన్ని రెండు చేతులతో పరుపు అంచు పట్టుకుని పడుకునేది. అది చూశాక "ఉత్త కళ్ళు తిరగడమేగా" అనేవాళ్ళంటే నాకు కోపం.

ఆమెది మెనియర్స్ జబ్బు. ఒక చెవిలో హోరు, దిబ్బడ, వినికిడి తగ్గడం, ఉన్నట్టుండి గంటల తరబడి తల తిరుగుడు, వాంతులు. ఈ తిరుగుడు మెదడుది కాదు, లోపలి చెవిదని 1861లో పారిస్‌లో ప్రాస్పర్ మెనియర్ అనే వైద్యుడు చెప్పాడు. అక్కడి ద్రవం ఎక్కువై పొరలు ఉబ్బుతాయని 1938లో బయటపడింది. ఎందుకు ఎక్కువవుతుందో ఇంకా తేలలేదు. పూర్తిగా నయంచేసే మందూ లేదు. అందుకే ఎవరేం చెప్పినా చేసి చూస్తారు.

పిన్ని చెవిలో వెల్లుల్లి కాచిన నూనె పోశారు. నూనె కర్ణభేరి దగ్గరే ఆగిపోతుంది. జబ్బేమో దానికి అవతల, ఎముక లోపల ఉంది. కర్ణభేరికి చిల్లుంటే మాత్రం ఆ నూనె లోపలికి దిగి కీడే చేస్తుంది. చెవి హోరుకని అమ్మే జింకో (ఒక చెట్టు ఆకుల సారం) మాత్రలను బ్రిటన్‌లో వెయ్యిమందికి పైగా జనంతో పరీక్షించారు. 2001లో వచ్చిన ఆ ఫలితాల్లో అవి మందు లేని ఉత్తుత్తి మాత్రలను మించలేదు.

మరి "నాకు తగ్గింది" అనేవాళ్ళది అబద్ధమా? కాదు. ఈ జబ్బు దానంతటదే పెరుగుతుంది, తగ్గుతుంది. బాగా పెరిగినప్పుడే మనం వైద్యానికి పరుగెత్తుతాం. ఆ తర్వాత తగ్గితే, ఆ పేరు అప్పుడు వాడినదానికి వస్తుంది. ఈ జబ్బుకు మన డాక్టర్లు తరచూ రాసే బీటాహిస్టిన్ మందునే జర్మనీలో 221 మందితో పరీక్షించారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకూ ఎటాక్‌లు దాదాపు అంతే తగ్గాయని 2016లో తేలింది. అలాగని వాడుతున్న మందు సొంతంగా ఆపకండి.

ఎటాక్‌కీ ఎటాక్‌కీ మధ్య మిగిలిపోయే తూలుడుకు నేను నమ్మేది వ్యాయామాన్నే. 1940లలో బ్రిటన్‌లో కాథోర్న్, కుక్సీ అనే వైద్యులు లోపలి చెవి దెబ్బతిన్నవాళ్ళను గమనించారు. మంచం దిగి కదిలినవాళ్ళే ముందు కోలుకున్నారు. వ్యాయామం ఇలా: చెయ్యి చాచి బొటనవేలి గోరు మీద చూపు నిలిపి, "కాదు కాదు" అన్నట్టు తల అడ్డంగా ఊపాలి. మొదట్లో గోరు అలుక్కుపోతుంది, కడుపులో తిప్పుతుంది. ఆ మసకను చూసే మెదడు తన లెక్క సరిచేసుకుంటుంది. తిరగకుండా ఉండాలని మెడ బిగబట్టుకుని కూర్చుంటే దానికి నేర్చుకునే వీలే ఉండదు. ఎటాక్ నడుస్తున్నప్పుడు మాత్రం ఇది చెయ్యకూడదు. మొదలుపెట్టేముందు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోవాలి.

పిన్నికి చెవిలో హోరు పోలేదు. కానీ సాయంత్రాలు డాబా మీద, పిట్టగోడకు ఒక చెయ్యి ఆనించి, తల అటూ ఇటూ తిప్పుతూ నడుస్తోంది.