మీ దొంగ ఎందుకు దొంగయ్యాడు?

చిరంజీవులు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మారతహళ్లిలో మన అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో మీరు ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా మారి ఆడే కథల ఆట) కోసం రాసుకున్న పాత్రల కథలు చదివి చెప్పమన్నారు కదా, చదివాను. దాదాపు అందరి ఊళ్లూ తగలబడిపోయాయి! అమ్మానాన్నలు ఒక్కరూ మిగల్లేదు. అందుకే మీ పాత్ర ఎవరినైనా పొడిచేస్తాడట.

నా పేచీ ఇక్కడే. అందరినీ పోగొట్టుకున్నవాడికి పోయేదేముంది? వాడు తప్పు చేస్తుంటే చూసేవాళ్లకు టెన్షనే ఉండదు.

అశ్వత్థామ సంగతి చూడండి. అబద్ధం చెప్పి తండ్రి చేత ఆయుధం వదిలించి, ఆయన్ను చంపారు. ఆ కోపం ఎవరికైనా అర్థమవుతుంది. కానీ వాడు అర్ధరాత్రి శిబిరంలో దూరి, నిద్రపోతున్న ఉపపాండవులను చంపాడు. కారణం విన్నాక కూడా మనం సరే అనలేం. మీ కథలోనూ ఆ సందు ఉండాలి.

మీ దొంగనే తీసుకుందాం. చెల్లెలి మందుల కోసం గుడిలో నగ కాజేశాడు. ఇంతవరకు ఎవరైనా రాస్తారు. నమ్మి తాళాలిచ్చిన పూజారి మీద నేరం పడిందనీ, వీడు నోరు విప్పలేదనీ కూడా రాయండి. చెల్లెలు బతికింది, నిజం ఆమెకు తెలియదు. ఇప్పుడు ఆటలో ఇంకో తాళం ఎదురైతే వాడేం చేస్తాడో మీకే తెలియదు. ముందే తెలిస్తే ఆడడం దేనికి?

1974లో ఈ ఆట వచ్చినప్పుడు పాత్ర ధర్మం, అధర్మం, తటస్థం, ఈ మూడింట్లో ఏ పక్షమో చెబితే సరిపోయేది. తర్వాత మంచీ చెడూ కలిపి తొమ్మిది చేశారు. 2014 నాటి పాత్ర కాగితంలో ఆదర్శం, బంధం, లోపం అని గడులు కూడా ఉన్నాయి. నాకైతే బంధం గడే ఇష్టం. చెల్లెలి పేరు అందులో రాయండి, డీఎం (ఆటలో కథ నడిపేవారు) ఆమెను ఎప్పుడో కథలోకి లాగుతారు.

ఇంకొకటి. ‘నా క్యారెక్టర్ అంతే, నేనేం చేయను’ అంటూ పక్కవాడి సంచిలో చెయ్యి పెట్టొద్దు. ఆ క్యారెక్టర్‌ని అలా రాసింది నువ్వే కదరా! స్నేహితుణ్ణి మోసం చేసే సీను కావాలంటే ముందే వాడితోనూ డీఎంతోనూ మాట్లాడుకోండి. వాడు వద్దంటే వద్దు.

కథ అర పేజీ దాటనివ్వకండి, మిగతాది ఆటలో తేలుతుంది.

మీ తాతయ్య